నలభై తొమ్మిది వేలు

నేను రాసిన మొదటి అనుమాన నివేదికను మా మేడమ్ శిక్షణ తరగతిలో పైకి చదివి వినిపించారు. "ఇదిగో, ఇలా రాయాలి" అన్నారు. పన్నెండు మంది తలలు తిప్పి నా వంక చూశారు. ఆ సాయంత్రం బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఇంటికి వెళ్ళాను. ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు. ఇప్పుడు ఆ సంగతి రాస్తుంటే తల కొట్టేసినట్టుంది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నాన్నది గోదాములో మూటలెత్తే పని. అమ్మ కిటికీ పక్కన కూర్చుని బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుడుతుంది. బ్యాంకు ఉద్యోగం వచ్చినట్టు ఉత్తరం అందిన రోజు నాన్న దాన్ని జేబులో పెట్టుకుని గోదాముకు పట్టుకెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి దాని అంచుల నిండా పదిమంది మసి వేళ్ళ గుర్తులు. ఆ ఉత్తరం ఇంకా అలాగే ఉంది.

మొదటి ఏడాది కింద కౌంటర్లో కూర్చున్నాను. తర్వాత నన్ను పై అంతస్తుకు మార్చారు. అక్కడి పని వేరు. ఖాతాలో పడే డబ్బు నిజంగా ఆ మనిషిదేనా, ఎక్కడిదో చెప్పలేని డబ్బును ఎవరైనా మా బ్యాంకులో తిప్పి తెల్లగా చేసుకుంటున్నారా అని చూడటం. తేడాగా ఉన్న ఖాతాలకు కంప్యూటర్ ఎర్ర గుర్తు పెట్టి మా ముందు పడేస్తుంది. మామూలే అనుకుంటే మూసేస్తాం. కాదనిపిస్తే నివేదిక రాస్తాం. నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా రెండు నెలలుంది కాబట్టి నేను ఏదీ ఊరికే మూసేవాణ్ణి కాదు.

నాన్న ఇదంతా ఒక్క ముక్కలో వీధికి చెప్పేశాడు. "మావాడు పైన కూర్చుని దొంగ డబ్బు పట్టుకుంటాడు."

"పట్టుకున్నదాంట్లో వాటా ఏమైనా ఇస్తారా అన్నయ్యా, ఉత్త జీతమేనా?" అంది గుండీల అత్త.

గుండీల అత్త మాకు చుట్టం కాదు. అమ్మ ఆవిడను వదినా అని పిలుస్తుంది కాబట్టి నాకు అత్త అయింది. మా వీధి మలుపులో ఆరడుగుల వెడల్పు కొట్టు ఆవిడది. గుండీలు, దారాలు, జిప్పులు. ప్రతి డబ్బా మూత మీద లోపలున్న రకం గుండీ ఒకటి కుట్టి ఉంటుంది. బడి దుస్తుల ఆర్డర్లు తెచ్చి వీధిలో ఆడవాళ్ళకు పంచేదీ ఆవిడే. నా ఇంటర్వ్యూ రోజు పొద్దున చొక్కా గుండీ ఊడితే అమ్మ నన్ను ఆ కొట్టుకే పరిగెత్తించింది.

"సరిగ్గా ఇదే రంగు లేదల్లుడూ. కింద నుంచి రెండోదేగా, ప్యాంటులో దోపుకుంటావు, ఎవడు చూస్తాడు? చూసి అడిగితే ఫ్యాషన్ అని చెప్పు" అంటూ నిమిషంలో కుట్టేసింది. డబ్బులివ్వబోతే, "ఉద్యోగం వచ్చాక బ్యాంకు మొత్తం నా పేరున రాసెయ్, చాలు" అంది.

ఇక ఆ నివేదిక సంగతి. మా తెర మీద ఖాతాదారు పేరు కనపడదు. పేరూ ఫొటో చూస్తే మనసు ఒక పక్కకు మొగ్గుతుందని వాటి మీద నల్ల పట్టీ వేసి ఉంచుతారు. వయసు, వృత్తి, డబ్బు రాకపోకలు మాత్రమే మాకు తెలుస్తాయి. ఆ ఖాతాలో ఉన్నది ఇంతే. ఆడమనిషి, యాభై రెండేళ్ళు, చిన్న వ్యాపారం. నాలుగు నెలల్లో ఏడుసార్లు నలభై తొమ్మిది వేల నగదు. వేసిన ప్రతిసారీ మర్నాడు మరో ఐదారు వేలు. ఒక్కసారి కూడా యాభై వేలు కాలేదు.

మా దగ్గర యాభై వేలు, ఆపైన నగదు వేసేవాళ్ళు గుర్తింపు కార్డు చూపించి, డబ్బు ఎక్కడిదో ఫారంలో రాసి సంతకం పెట్టాలి. ఆ ఫారం తప్పించుకోవడానికి పెద్ద మొత్తాన్ని ముక్కలు చేసి వేసేవాళ్ళుంటారు. శిక్షణలో మాకు మొదట నేర్పిన పాఠం అదే. రెండు గంటలు కూర్చుని రాశాను. 'ఖాతాదారుకు పరిమితి గురించి స్పష్టంగా తెలుసు. ఉద్దేశపూర్వకంగానే దాన్ని తప్పించుకుంటున్నారు.' మేడమ్ ఆ రెండో వాక్యం కింద గీత గీసి బాగుందన్నారు. ఆరా ముగిసేదాకా అందులోంచి పైసా బయటికి పోకుండా ఖాతాను ఆపారు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం గుండీల అత్త మా ఇంటికొచ్చింది. కొట్టు తెరిచి ఉండే వేళలో ఆవిడ గడప దాటి రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

"అల్లుడూ, నా ఖాతాకి ఏదో అయిందిరా. శుక్రవారం డబ్బు తీద్దామని వెళ్తే రాదన్నారు. ఎందుకు రాదయ్యా అంటే, పైవాళ్ళు ఆపారు అంటారు. పైనంటే నువ్వేగా?"

"నా పైన ఇంకా చాలా అంతస్తులున్నాయి అత్తా" అన్నాను నవ్వుతూ. అప్పటికి నాకేమీ తెలియదు.

అమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "ముందు కూర్చో వదినా. మావాడు చూస్తాడులే. నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులుందిగా."

"తొమ్మిది రోజులు ఎంతలో తిరిగొస్తాయి వదినా! పధ్నాలుగు మంది డబ్బు. వాళ్ళకి ఏం ముఖం చూపించను?"

వాళ్ళిద్దరి మాటల్లోంచే నాకు సంగతి అర్థమైంది. మూతపడిన ఒక దుస్తుల ఫ్యాక్టరీ వాళ్ళు కాజాలు కుట్టే పెద్ద మిషన్‌ను అమ్ముతున్నారు. వీధిలో పధ్నాలుగు మంది ఆడవాళ్ళు కుట్టుకూలీలోంచి తలా కొంత తీసి అత్త చేతికిస్తున్నారు. ముప్పై వేలు బయానా కట్టారు. మిగతాది నెలాఖరులోగా ఇవ్వకపోతే మిషన్ వేరేవాళ్ళకు పోతుంది. పధ్నాలుగు మందిలో మా అమ్మ ఒకతె. సూది గుచ్చుకుని గుచ్చుకుని ఆమె చూపుడువేలి కొస మొద్దుబారిపోవడం రోజూ చూస్తూనే ఉన్నాను. కూలి డబ్బు ఏం చేస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు. ఊరివాళ్ళ డబ్బు ఎక్కడిదో కనిపెట్టే మనిషిని కదా, ఇంట్లో డబ్బు ఎటు పోతోందో నాకు తెలియదు.

"నేనేం తప్పు చేశానురా?" అంది అత్త. "నువ్వు చెప్పినట్టే చేశాను కదా. ప్రతిసారీ నలభై తొమ్మిదే వేశాను. ఎక్కువుంటే మిగిలింది జరీదారం డబ్బాలో దాచి, మర్నాడు పట్టుకెళ్ళాను. ఒక్కసారి దాటానేమో చెప్పు."

నలభై తొమ్మిది. యాభై రెండేళ్ళు. చిన్న వ్యాపారం.

నిజమే, నేను చెప్పినట్టే చేసింది. కౌంటర్లో నా చివరి వారం. అత్త యాభై నాలుగు వేలు గుడ్డసంచిలో పట్టుకొచ్చింది. కార్డు కొట్లో మరిచిపోయింది. ఫారం నింపడమంటే పది నిమిషాల పని. వెనకాల లైను తలుపు దాకా ఉంది, భోజనాల వేళ దగ్గరపడింది. అలాంటప్పుడు మా కౌంటర్లలో ఒక అలవాటుంది. నేనూ అదే చేశాను. "అత్తా, నలభై తొమ్మిది వేసెయ్. మిగతా ఐదు రేపు తీసుకురా. ఎప్పుడూ ఇలాగే వేసుకో, ఈ కాగితాల గొడవ ఉండదు" అన్నాను. ఏదో మేలు చేస్తున్నట్టు గొంతు తగ్గించి మరీ చెప్పాను. ఆవిడ వెనక నిలబడ్డవాళ్ళతో, "మా అల్లుడే" అని చెప్పుకుంటూ వెళ్ళింది.

నివేదికలో నేను రాసిన 'స్పష్టంగా తెలుసు' అన్న మాట ఎవరు తెలియజేస్తే తెలిసిందో నాకిప్పుడు అర్థమైంది.

ఇద్దరూ నా వంకే చూస్తున్నారు. మా పనిలో ఒక కట్టడి ఉంది. ఒక ఖాతా మీద నివేదిక వెళ్ళిందని ఆ ఖాతాదారుకు గానీ, వాళ్ళ తాలూకు వాళ్ళకు గానీ చెప్పకూడదు. ఆ కట్టడి ఉందన్నది నిజం. ఆ పూట అది నాకు చక్కని చాటు అయిందన్నదీ నిజమే.

"బ్రాంచికి వెళ్ళి అడగండి. వాళ్ళు అడిగిన వివరాలన్నీ ఇవ్వండి. మీరు కంగారు పడకండి" అన్నాను.

అత్త నా ముఖంలోకి చూసింది. "ఏంట్రా, మీరు అంటున్నావు? నేనేమన్నా ఆఫీసరునా?"

అమ్మ నవ్వింది.

సోమవారం వెళ్ళి మేడమ్‌కు చెప్పాలి. తెలిసినవాళ్ళ ఖాతా అయితే వెంటనే చెప్పి పక్కకు తప్పుకోవాలన్నదీ మా నిబంధనే. సోమవారం ఆవిడ మీటింగులో ఉన్నారనుకున్నాను. మంగళవారం ఆవిడ ఖాళీగానే ఉన్నారు. రెండుసార్లు గది గుమ్మం దాకా వెళ్ళి, నీళ్ళ సీసా నింపుకుని తిరిగొచ్చాను. ఉద్యోగం ఖాయం కాకపోతే నాన్న గోదాములో ఏం చెప్తాడు అన్నది ఒకటే ఆలోచన. అమ్మ వేలు గుర్తు రాలేదని కాదు. వచ్చింది. అయినా నీళ్ళ సీసానే నింపుకున్నాను.

బుధవారం సాయంత్రం బస్సు దిగేసరికి అత్త కొట్టు ముందు నిలబడి చెయ్యూపింది. ముఖం కాస్త తేటగా ఉంది.

"ఇవాళ బ్యాంకుకి పిలిచార్రా. ఒకాయన కూర్చోబెట్టి బోలెడు అడిగాడు. కొట్టెప్పుడు పెట్టావు, మీ ఆయనేం చేసేవాడు, ఈ డబ్బెక్కడిది. అన్నీ చెప్పా. చివరికి, యాభై లోపే వెయ్యమని నీకెవరు చెప్పారమ్మా అన్నాడు." అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చింది. "నేను దొరుకుతానా? ఎవరూ చెప్పలేదు బాబూ, నాకే తోచింది అన్నాను. నీ పేరు రానిస్తానా? అసలే నీ ఉద్యోగం ఇంకా గట్టిపడలేదని మీ అమ్మ చెప్పింది."

"అలా ఎందుకన్నావు అత్తా?" అన్నాను.

"పోనీలేరా. నాదేం పోయింది, ఒక్క అబద్ధం."

ఏం పోయిందో మర్నాడు పొద్దున్నే నా తెర మీద కనిపించింది. ఆవిడ జవాబు కింద బ్రాంచి వాళ్ళు రాశారు: 'పరిమితి తప్పించుకోవాలన్న ఆలోచన తనదేనని ఖాతాదారే ఒప్పుకున్నారు. నివేదికలోని అనుమానం బలపడింది.' నన్ను కాపాడటానికి ఆడిన అబద్ధం, నేను రాసిన వాక్యానికి సాక్ష్యమైంది.

ఈసారి సీసా పట్టుకెళ్ళలేదు.

"మేడమ్, ఆ నలభై తొమ్మిది వేల ఖాతా నాకు తెలిసినవాళ్ళది."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"ఇవాళ గురువారం" అన్నారు మేడమ్. కోపంగా అనలేదు. తారీఖు చెప్పినట్టు చెప్పారు.

"ఆవిడకు అలా వెయ్యమని చెప్పింది నేనే మేడమ్. కౌంటర్లో ఉన్నప్పుడు."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ తరగతిలో నా నివేదిక చదివింది ఆవిడే కదా.

"నివేదికలో నువ్వు రాసింది తప్పు కాదు. కౌంటర్లో చెప్పింది తప్పు. నాలుగు రోజులు నోరు మూసుకున్నది ఇంకో తప్పు. కూర్చుని రాసివ్వు."

రాసిచ్చాను. చదివి నా వైపు తోశారు. "'చెప్పడం జరిగింది' ఏమిటి? ఎవరు చెప్పారు?"

"నేనే మేడమ్. కింద అందరూ చెప్తారు, లైను కదలాలని..."

"వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. నీ కాగితంలో 'అందరూ' వద్దు. 'నేను చెప్పాను' అని రాయి."

డిగ్రీ పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను. ఆ రెండు మాటలు రాయడానికి చెయ్యి మొరాయించింది. రాశాక అడిగాను. "ఈ నివేదిక నాదని ఆవిడకు ఎప్పుడైనా చెప్పొచ్చా మేడమ్?"

"చెప్పకూడదు. ఎప్పటికీ. నీ మనసు తేలికపడటం కోసం ఆ రూలు మారదు."

ఆ ఖాతాను వేరొకరికి అప్పగించారు. వాళ్ళు కొట్టుకు వచ్చి చూశారు, ఆర్డర్ల పుస్తకం చూశారు, పధ్నాలుగు మందిలో ఐదుగురితో మాట్లాడారు. అత్త మా ఇంటికొచ్చిన ఆదివారం నుంచి పందొమ్మిదో రోజున ఖాతా తెరుచుకుంది. అప్పటికి నెలాఖరు దాటి పది రోజులు. మిషన్ వేరెవరో కొనుక్కెళ్ళారు. బయానాలో సగం తిరిగిచ్చారు. నా ఉద్యోగం ఖాయం కావడం ఆరు నెలలు వెనక్కి పోయింది, నన్ను మళ్ళీ కింద కౌంటర్‌కు పంపారు. ఇంట్లో మాత్రం, కింద మనుషులు తక్కువయ్యారని చెప్పాను.

అమ్మ సూది పట్టుకుని మళ్ళీ కిటికీ పక్కన కూర్చుంది. వీధిలో, "మావాడే పైవాళ్ళతో మాట్లాడి వదిలించాడు" అని చెప్పింది. నేను కాదనలేదు. ఖాతా తెరుచుకున్న సాయంత్రమే అత్త ఇంటికొచ్చి, "ఆ ఇంటర్వ్యూ చొక్కా ఇలా తే" అంది. ఏడాదిన్నరగా వెతికితే ఇప్పటికి సరైన జోడు దొరికిందట. పాత గుండీ తెంపి కొత్తది కుట్టింది. దారం పంటితో కొరుకుతూ, "ఇప్పుడు దోపుకోకపోయినా పర్లేదు" అంది. ఆ చొక్కా ఇంతవరకూ మళ్ళీ వేసుకోలేదు.

మూడు నెలల తర్వాత ఒక పొద్దున అత్త నా కౌంటర్ ముందుకొచ్చింది. అదే గుడ్డసంచి. వెనకాల లైను.

"ఇంకో మిషన్ దొరికేట్టుందిరా. డెబ్భై ఒకటి ఉంది" అంది గుసగుసగా. "కానీ నలభై తొమ్మిది మనకు అచ్చిరాలేదు. ఈసారి ముప్పై, ముప్పై, పదకొండు వెయ్యనా?"

లైనులో ఎవరో నవ్వారు. నివేదిక గురించి చెప్పకూడదు. కానీ కౌంటర్లో నేనన్న మాట గురించి చెప్పకూడదని ఏ నిబంధనా లేదు. అది మూడు నెలలుగా నాకు తెలుసు.

"వద్దత్తా. ఎంతుంటే అంతా ఒకేసారి వెయ్యి. అప్పుడు నేను చెప్పింది తప్పు. నా పని తొందరగా అయిపోతుందని చెప్పాను. నువ్వు కార్డు మరిచిపోతే కొట్టుకెళ్ళి తెచ్చుకోమనాల్సింది. తప్పు నాది."

"ఇంత గట్టిగా చెప్తావేంట్రా? లైనంతా వింటోంది."

"విననీ."

ఫారం తీశాను. ఈసారి కార్డు తెచ్చింది. డబ్బు ఎక్కడిదో రాయడానికి అందులో రెండే గీతలున్నాయి. వేరే కాగితం జతచేసి, పధ్నాలుగు పేర్లు ఆవిడ చెప్తుంటే ఎవరెంత ఇచ్చారో రాశాను. అందరూ మా వీధివాళ్ళే. తొమ్మిదో పేరు అమ్మది. ఐదు వేల రెండు వందలు.

ఆవిడ సంతకం పెట్టబోతూ ఆగింది. కలం కాగితానికి ఆనించే ఉంది.

"అంటే, అలా వేసినందుకే ఆపారన్నమాట."

నేను నోట్ల కట్ట విప్పాను.

"అలా వేస్తున్నానని వాళ్ళకెవరు చెప్పారు? నువ్వు పైనే ఉన్నావుగా అప్పుడు. నీకు తెలిసే ఉంటుంది."

అబద్ధం చెప్పడం తేలిక. కంప్యూటర్ అంటే సరిపోయేది. అందులో సగం నిజం కూడా ఉంది.

"అది నేను చెప్పకూడదత్తా" అన్నాను.

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. రంగు సరిపోతుందా లేదా అని గుండీని గుడ్డ మీద పెట్టి చూసే చూపు అది. తర్వాత తల వంచి నెమ్మదిగా సంతకం పెట్టింది. నేను నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, ముద్ర వేసిన రసీదు ఇచ్చాను. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"వస్తానండీ" అంది.

వెనకాల జనం ఉన్నారని అలా అందో, ఎగతాళికి అందో, నిజంగానే అందో తెలియదు. అడిగే ముఖం నాకు లేదు. తర్వాతి మనిషి అప్పటికే తన డబ్బు కౌంటర్ మీద పెట్టాడు.